పుండే కదా అని ఊరుకోకండి!

వానలు మొదలయ్యాయంటే మన గోదావరి జిల్లాల్లో పిల్లల కాళ్ళ నిండా పుళ్ళే. దోమ కుట్టినచోట గోకుతారు, బురదలో తిరుగుతారు, అది కాస్తా చీము పడుతుంది. పసుపూ కొబ్బరినూనే రాసి, "వానలు తగ్గితే అదే మానుతుందిలే" అనేస్తాం. కానీ అన్నీ అలా మానవు.

'యాస్' అనే వ్యాధి పేరు విన్నారా? కొండపల్లెల్లో గిరిజనుల పిల్లల్ని పీడించిన పుండు అది. ఒకరి పుండు రసి ఇంకొకరి గీరుకు తగిలితే అంటుకుంటుంది. ముదిరితే ఎముకలు కూడా దెబ్బతింటాయి. 1996లో మన దేశంలో 3,500కు పైగా కేసులు నమోదయ్యాయి. ఒరిస్సాలోని కోరాపుట్‌లో మొదలైన నిర్మూలన పథకం తరువాత ఆంధ్రప్రదేశ్‌తో సహా పది రాష్ట్రాలకు విస్తరించింది. ఆరోగ్య కార్యకర్తలు ఇల్లిల్లూ వెతికారు. పుండున్న బిడ్డకే కాదు, వాళ్ళతో మెలిగేవారికీ పెన్సిలిన్ ఇంజెక్షన్ చేశారు. 2003కి కేసులు 46కి దిగాయి. ఆ తరువాత కొత్తవి రాలేదు. 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశాన్ని యాస్ లేని దేశంగా గుర్తించింది.

సూది అంటే పిల్లలు గొల్లుమంటారు కదా! పపువా న్యూగినీలో జరిగిన పరిశోధనలో అజిత్రోమైసిన్ ఒక్క మోతాదు మింగించినా ఆ ఇంజెక్షన్‌తో సమానంగా పనిచేస్తుందని 2012లో తేలింది. అయితే కొన్నేళ్ళకే, అక్కడే, ఆ మందుకు లొంగని క్రిములు కొందరిలో కనిపించాయి.

ఇదంతా మనకెందుకంటారా? జలుబు చేస్తే మందుల షాపులో అడిగి తెచ్చుకుంటామే, అదే ఈ అజిత్రోమైసిన్! వైరస్ వల్ల వచ్చే జలుబుకి అది పనిచేయదు సరికదా, క్రిములు మందుకు అలవాటుపడిపోతాయి. రేపు నిజంగా అవసరమైన బిడ్డకు పనికిరాకుండా పోతుంది.

మన పిల్లల పుళ్ళు యాస్ కావు, మామూలు చీముపుళ్ళే. అయినా అశ్రద్ధ కూడదు. సబ్బుతో కడిగి, శుభ్రమైన గుడ్డ కట్టండి. గోళ్ళు కత్తిరించండి. తువ్వాలు ఎవరిది వాళ్ళకే ఉంచండి. పుళ్ళు ఎక్కువైనా, చుట్టూ ఎర్రగా వాచినా, జ్వరం వచ్చినా డాక్టరుకి చూపించండి. ఏ మాత్ర, ఎన్ని రోజులన్నది ఆయన్నే చెప్పనివ్వండి. రెండ్రోజులకే పుండు ఎండిందని మాత్రలు మానేసి, మిగిలినవి పక్కింటి పిల్లాడికి ఇవ్వకండి.

మరొక్క మాట. పుండు మానిన రెండు మూడు వారాలకు బిడ్డ ముఖం ఉబ్బినా, మూత్రం ఎర్రగా వచ్చినా క్షణం ఆలస్యం చేయొద్దు. ఒక్కోసారి ఈ పుళ్ళ తరువాత మూత్రపిండాలు దెబ్బతింటాయి.