సీల్దా బడిలో సగం సీట్లు

కోల్‌కతాలో సీల్దా రైల్వే స్టేషన్‌కు కూతవేటు దూరంలో లొరెటో డే స్కూల్ ఉంది. 1857 నుంచి నడుస్తున్న ఆడపిల్లల బడి అది. కేథలిక్ సన్యాసినుల ఆధ్వర్యంలో పేరు తెచ్చుకున్న కాన్వెంట్. ఇలాంటి చోట సీటు దొరికితే చాలని మధ్యతరగతి తల్లిదండ్రులు ఆరాటపడతారు. అటువంటి బడి 1979 తర్వాతి రెండు దశాబ్దాల్లో తన సీట్లలో దాదాపు సగాన్ని ఫీజు కట్టలేని ఇళ్ల పిల్లలకు ఇచ్చింది. 1990ల చివరినాటికి అక్కడ సుమారు 1,400 మంది విద్యార్థినులు ఉంటే, వాళ్లలో 700 మంది వరకు బస్తీల నుంచి, ఫుట్‌పాత్‌ల నుంచి వచ్చినవాళ్లే.

పేదలకు సాయం చేయడం కేథలిక్ బడులకు కొత్త కాదు. క్రిస్మస్‌కు దుప్పట్లు పంచడం, వరదలొస్తే పిల్లల చేత బియ్యం పోగుచేయించి పంపడం, ఏడాదికోసారి అనాథాశ్రమానికి వెళ్లి రావడం చాలాచోట్ల ఉన్నవే. వాటి విలువ వాటికుంది. అయితే ఆ పనులన్నీ అయ్యాక బడి మాత్రం ఎప్పటిలాగే ఉంటుంది. లోపల చదివేవాళ్లు లోపలే, సాయం అందుకున్నవాళ్లు బయటే. సీల్దాలో అలా కాలేదు. అడ్మిషన్లు, టైంటేబుల్, మేడ మీది ఖాళీ జాగా, రాత్రిపూట తాళం పడే గదులు అన్నీ ఒక్కొక్కటిగా పేదపిల్లల అవసరాన్ని బట్టి మారుతూ వచ్చాయి.

ఈ మార్పు వెనుక కేథలిక్ సంఘంలో దాదాపు వందేళ్లు నడిచిన ఆలోచన ఉంది. 1891లో పోప్ 13వ లియో కార్మికుల స్థితిగతుల మీద 'రేరుమ్ నొవారుమ్' అనే లేఖ వెలువరించాడు. న్యాయమైన కూలి, సంఘం పెట్టుకునే హక్కు అందులో ప్రధాన విషయాలు. 1968లో కొలంబియాలోని మెడెలిన్‌లో, 1979లో మెక్సికోలోని ప్యూబ్లాలో సమావేశమైన లాటిన్ అమెరికా బిషప్పులు ఇంకో అడుగు వేసి, చర్చి పేదల పక్షాన నిలవాలని తేల్చి చెప్పారు. బడుల సంగతికి వస్తే 1973లో స్పెయిన్‌లోని వలెన్సియాలో జరిగిన ఒక ప్రసంగం ముఖ్యమైనది. జెసూట్ సభ అధిపతి పేద్రో అరూపే తమ కాలేజీల పూర్వ విద్యార్థులతో మాట్లాడుతూ, న్యాయం కోసం నిలబడేలా మిమ్మల్ని చదివించామా అని ప్రశ్న వేసి, లేదని తానే జవాబు చెప్పాడు. ఎదుట కూర్చున్నవాళ్లలో కలవారు ఎక్కువ. కొందరికి కోపం కూడా వచ్చింది. 1977లో వాటికన్ విద్యాశాఖ వెలువరించిన పత్రం అదే విషయాన్ని బడులన్నిటికీ వర్తింపజేసింది. సంపన్నుల పిల్లలకే పరిమితమైన కేథలిక్ బడి, వాళ్లకున్న పైచేయిని నిలబెట్టడానికే పనికొస్తుందని అది హెచ్చరించింది. తర్వాత 1987లో పోప్ రెండవ జాన్ పాల్ సంఘీభావాన్ని వివరిస్తూ, అది ఎవరి కష్టమో చూసి కాసేపు కరిగిపోవడం కాదని, అందరి మేలు కోసం గట్టిగా నిలిచే నిశ్చయమని రాశాడు.

లొరెటో సన్యాసినుల సొంత చరిత్ర కూడా ఈ దారికి దూరమైనదేమీ కాదు. వాళ్ల సభకు స్థాపకురాలు మేరీ వార్డ్ 17వ శతాబ్దపు ఇంగ్లండ్ స్త్రీ. ఆడపిల్లల చదువు కోసం, నాలుగు గోడల మధ్య ఉండిపోకుండా బయట తిరిగి పనిచేసే సన్యాసినుల సభను కోరుకున్నందుకు చర్చి అధికారులే ఆమెను నిర్బంధించారు. 1631లో ఆమె సభను రద్దు చేశారు. తర్వాతి తరాలు ఆ పనిని మళ్లీ నిలబెట్టాయి. ఐర్లండ్ శాఖ నుంచి 1841 చివర్లో కొందరు సిస్టర్లు కలకత్తా చేరారు. నగరంలో ఒకటొకటిగా బడులు తెరిచారు. వాటిలో ఎంటాలీ బడి లోకానికంతటికీ తెలుసు. మదర్ థెరిసా లొరెటో సిస్టర్‌గా పాఠాలు చెప్పింది అక్కడే. 1948లో ఆమె ఆ ప్రాంగణం విడిచి బస్తీల్లోకి వెళ్లింది. పేదల దగ్గరికి చేరాలంటే బడి దాటి వెళ్లాలని ఆమె జీవితం చెప్పింది. అదే సభకు చెందిన మరో సిస్టర్, మూడు దశాబ్దాల తర్వాత, బడిలో ఉండే ఆ పని చేయవచ్చని చూపించింది.

ఆమె సిస్టర్ సిరిల్ మూనీ. 1936లో ఐర్లండ్‌లో పుట్టి, 1956లో భారతదేశం వచ్చింది. జంతుశాస్త్రంలో డాక్టరేట్ చేసింది. 1979లో సీల్దా బడికి ప్రిన్సిపాల్ అయి, 2011 వరకు ఆ బాధ్యతలో ఉంది. సీల్దా అంటే మామూలు స్టేషన్ కాదు. దేశవిభజన తర్వాత తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన కాందిశీకులు ప్లాట్‌ఫారాల మీదే నెలల తరబడి బతికిన చోటు. ఆ తర్వాత కూడా పల్లెల నుంచి పనికోసం రైలెక్కిన కుటుంబాలు అక్కడే దిగి, అక్కడే ఫ్లైఓవర్ల కింద కాపురం పెట్టాయి. పుస్తకాల సంచులతో గేటు లోపలికి వెళ్లే ఆడపిల్లలు, అదే వయసులో గేటు బయట చెత్త ఏరుకునే ఆడపిల్లలు రోజూ ఒకరినొకరు చూసుకుంటూనే ఉండేవారు.

కొత్త ప్రిన్సిపాల్ ముందుగా అడ్మిషన్ల మీద దృష్టి పెట్టింది. ఫీజు కట్టని పిల్లల సంఖ్యను ఏటికేడు పెంచుతూ పోయింది. కట్టగలిగినవాళ్ల ఫీజు, దాతల సాయం, సంస్థల విరాళాలు కలిపి ఖర్చు నడిచేది. ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. పేదపిల్లలకు విడిగా మధ్యాహ్నం షిఫ్టు, వేరే సెక్షన్, వేరే గేటు పెట్టడం దేశంలో చాలా పెద్ద బడులు అనుసరించిన పద్ధతి. దానివల్ల పేదపిల్లలకు చదువు అందుతుంది గాని, వాళ్ల స్థానం ఎక్కడో కూడా రోజూ గుర్తు చేసినట్టవుతుంది. సీల్దాలో ఆ గీత గీయలేదు. డాక్టరు గారి అమ్మాయి, రిక్షా లాగేవాడి కూతురు ఒకే యూనిఫాంలో ఒకే బెంచీ మీద కూర్చున్నారు. పోటీని, ర్యాంకులను నెత్తిన పెట్టుకోవడం కూడా బడి తగ్గించింది. ఇంట్లో పుస్తకం ముట్టనివాళ్లు, ట్యూషన్లకు వెళ్లేవాళ్లు ఒకే గదిలో ఉన్నప్పుడు ర్యాంకు కొలిచేది ప్రతిభను కాదు, ఇంటి పరిస్థితిని.

అయినా రెగ్యులర్ తరగతికి రాలేని పిల్లలు మిగిలిపోయారు. పదేళ్లొచ్చినా అక్షరం తెలియనివాళ్లు, పొద్దుట తల్లితో పాచిపనికి వెళ్లేవాళ్లు, తమ్ముణ్ణి ఎత్తుకుని తిరిగేవాళ్లు. తొమ్మిదింటికి గంట కొట్టగానే లోపలికి రండి అంటే వాళ్లెవరూ రారు. అలాంటివాళ్ల కోసం 1985లో బడి మేడ మీద 'రెయిన్‌బో స్కూల్' మొదలైంది. దీని నిబంధన ఒక్కటే. వీలు కుదిరినప్పుడు వచ్చి, వీలున్నంతసేపు చదువుకుని వెళ్లవచ్చు.

ఏ వేళకు వచ్చినా చదువు చెప్పడానికి అన్ని చేతులు ఎక్కడివి? జవాబు టైంటేబుల్‌లోనే దొరికింది. పాఠ్యప్రణాళికలో పని అనుభవం అనే అంశం ఎలాగూ ఉంది. చాలా బడుల్లో అది కుట్లు, అల్లికలు, రంగు కాగితాల పూలతో సరిపెట్టే పీరియడ్. సీల్దాలో ఐదో తరగతి నుంచి పదో తరగతి వరకు విద్యార్థినులు ఆ పీరియడ్లలో మేడ మీదికి వెళ్లి, ఒకరికి ఒకరు చొప్పున వీధిపిల్లలకు చదువు చెప్పేవారు. ఒక్కో తరగతికి ఒక్కో వేళ కేటాయించడంతో రోజంతా ఎవరో ఒకరు నేర్పేవాళ్లు ఉండేవారు. పెద్ద టీచర్లు మొత్తం వ్యవహారాన్ని కనిపెట్టుకుని ఉండేవారు. అక్షరాలు, లెక్కలు పట్టుబడ్డాక ఆ పిల్లలు వయసుకు తగిన తరగతిలో, ఇదే బడిలోనో దగ్గరలోని బెంగాలీ మీడియం బడుల్లోనో చేరేవారు. ఏళ్లు వృథా అయ్యాయని పదేళ్ల పిల్లను ఒకటో తరగతిలో కూర్చోబెడితే సిగ్గుతో మానేస్తుందన్నది అనుభవం నేర్పిన సంగతి.

ఈ ఏర్పాటులో నేర్చుకున్నవాళ్లు ఒకవైపే లేరు. పన్నెండేళ్ల పిల్ల తన ఈడు పిల్లకే అక్షరాలు దిద్దించాలంటే ముందు ఆమె పేరు తెలియాలి, నిన్న ఎందుకు రాలేదో అడగాలి, రాత్రి వానకు ప్లాస్టిక్ పట్టా ఎగిరిపోయిందన్న జవాబు వినాలి. పేదరికం గురించి సోషల్ పుస్తకంలో నాలుగు పేరాలు బట్టీ పట్టడానికీ దీనికీ పోలిక లేదు. అందుకే ఈ పనిని ఇష్టమున్నవాళ్ల సేవగా గాక, అందరి చదువులో భాగంగా పెట్టారు. ఆ నిర్ణయమే ఈ బడి చేసిన పనుల్లోకెల్లా ముఖ్యమైనది.

రెయిన్‌బో స్కూల్ కంటే ముందే, 1979 నుంచే, మరో పని నడుస్తూ ఉండేది. ప్రతి గురువారం కొందరు విద్యార్థినులు బస్సుల్లో నగరం బయటి పల్లెలకు వెళ్లి అక్కడి బడుల్లో పాఠాలు చెప్పి వచ్చేవారు. వారానికి ఒక రోజు వచ్చి వెళ్లే పిల్లలతో పల్లె చదువు నిలబడదు. దాంతో ఆ ఊళ్ల యువతీయువకులకే శిక్షణ ఇచ్చి, వాళ్లను 'బేర్‌ఫుట్ టీచర్లు'గా తయారుచేయడం మొదలైంది. డిగ్రీలు లేకపోయినా చింతగింజలు, అగ్గిపుల్లలు, సీసా మూతల వంటి చేతికందిన వస్తువులతో చదువు చెప్పగలిగేవాళ్లను తయారుచేయడం దీని ఉద్దేశం. ఏళ్లు గడిచేకొద్దీ ఇలా శిక్షణ పొందినవాళ్ల సంఖ్య 7,000 దాటింది. కోల్‌కతా చుట్టూ ఉన్న ఇటుకబట్టీల్లో పనిచేసే వలస కుటుంబాల పిల్లల దగ్గరికీ ఈ చదువు వెళ్లింది.

ఇంకో పని మధ్యతరగతి ఇళ్ల గుమ్మం దాకా వచ్చింది. ఇళ్లలో అంట్లు తోముతూ, పసిపిల్లలను ఆడిస్తూ కనపడకుండా ఉండిపోయే పనిపిల్లలను వెతకడం. విద్యార్థినులు తమ వీధిలో, తమ అపార్ట్‌మెంట్లో అలాంటి పిల్లలను గుర్తించి, స్నేహం చేసుకుని, చదువుకు పంపమని యజమానులతో మాట్లాడేవారు. దానానికి జేబులోంచి పది రూపాయలు తీయడం సులువు. పక్కింటి ఆంటీతో, కొన్నిసార్లు సొంత అమ్మతో, ఈ మాట అనడం చాలా కష్టం. సంఘీభావం అసలు పరీక్షకు నిలిచేది అక్కడే.

తల్లిదండ్రులందరూ దీన్ని చప్పట్లతో ఆహ్వానించారనుకుంటే పొరపాటు. ఫీజు కట్టి చేర్చిన పిల్లకు పేలు పడతాయని, మాట పాడవుతుందని, చదువు స్థాయి తగ్గుతుందని భయాలు ఉండనే ఉంటాయి. టీచర్లకూ పని పెరుగుతుంది. ఇంట్లో ఇంగ్లిష్ ముక్క వినని పిల్లకు ఇంగ్లిష్ మీడియం పాఠం చెప్పడానికి మామూలు ఓర్పు చాలదు. వీధి పిలుపుకు మళ్లీ వెళ్లిపోయే పిల్లలు ఉంటారు. ఏళ్ల తరబడి ఇది నిలవడానికి ప్రిన్సిపాల్ మొండిపట్టు ఒక కారణం. పని ఎవరో ఒకరి ఉత్సాహం మీద కాక టైంటేబుల్ మీద నడవడం అంతకంటే పెద్ద కారణం.

పగటి చదువు ఒక కొలిక్కి వచ్చాక రాత్రి సమస్య మిగిలింది. సాయంత్రం బడి వదిలితే రెయిన్‌బో పిల్లలు మళ్లీ ఫుట్‌పాత్ మీదికే వెళ్లాలి. ఆడపిల్లలకు అక్కడ రాత్రి ఎంత ప్రమాదమో చెప్పనక్కర్లేదు. అలాంటివాళ్లను బడిలోనే ఉంచుకోవడం మొదలైంది. లక్షలు పోసి కట్టిన బడి భవనం రోజులో ఏడెనిమిది గంటలే వాడుకలో ఉంటుంది, మిగతా వేళంతా ఖాళీ. నీళ్లు, మరుగుదొడ్లు, ప్రహరీ గోడ, వాచ్‌మన్ అన్నీ ముందే ఉన్నాయి. వంట, పక్కబట్టలు, చూసుకునే ఆయమ్మలు ఉంటే చాలు. ఈ లెక్కతోనే 'రెయిన్‌బో హోమ్స్' పుట్టాయి. నగరంలోని ఇతర లొరెటో బడులకూ విస్తరించాయి.

సిస్టర్ సిరిల్‌కు 2007లో భారత ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. అంతకు ముందు 1994లో అక్షరాస్యత కృషికి యునెస్కో నోమా బహుమతి వచ్చింది. ఆమె 2023లో కోల్‌కతాలోనే కన్నుమూసింది.

ఈ బడి చేసినదాన్ని చట్టంతో పోల్చి చూస్తే దాని బరువు తెలుస్తుంది. 2009 విద్యాహక్కు చట్టం ప్రైవేటు బడులు ప్రవేశ తరగతిలో కనీసం 25 శాతం సీట్లు బలహీన వర్గాల పిల్లలకు ఇవ్వాలని చెప్పింది. అయితే మైనారిటీల బడులకు ఈ నిబంధన వర్తించదని సుప్రీంకోర్టు 2012, 2014 తీర్పుల్లో తేల్చింది. కేథలిక్ బడులు మైనారిటీ బడులే. అంటే కోర్టు ప్రకారం ఒక్క సీటు కూడా ఇవ్వనవసరం లేని కోవకు చెందిన బడి, ఆ చట్టానికి ఏళ్ల ముందే, ఎవరూ అడగకుండా సగం సీట్లు ఇచ్చింది. ఆ మినహాయింపును సంతోషంగా వాడుకునే పెద్ద బడులకు సీల్దా ఉదాహరణ ఇబ్బంది కలిగించాలి.

తెలుగు నేలకు ఈ కథ రెయిన్‌బో హోమ్స్ ద్వారా చేరింది. హైదరాబాద్‌లో అమన్ వేదిక వంటి స్వచ్ఛంద సంస్థలు ప్రభుత్వ బడుల్లో వాడుకలో లేని గదులను తీసుకుని, వీధుల్లో బతికే ఆడపిల్లలకు ఇళ్లుగా మార్చాయి. మగపిల్లలకు 'స్నేహ్ ఘర్' పేరుతో అలాంటివే ఏర్పడ్డాయి. పలు నగరాల్లో ఈ ఇళ్లకు అండగా ఉండే రెయిన్‌బో ఫౌండేషన్ ఇండియా కేంద్రం కూడా హైదరాబాదే. పిల్లలు అక్కడే ఉండి, అదే ప్రాంగణంలోనో దగ్గరి సర్కారు బడిలోనో చదువుకుంటారు. ఖాళీ గదుల లెక్క ఇక్కడ చక్కగా కుదిరింది. ప్రభుత్వ భవనం కాబట్టి ఎక్కువ ఇళ్లు తెరవడం సాధ్యమైంది కూడా. కుదరనిది ఒకటుంది. సర్కారు బడిలో పక్క బెంచీ మీద ఉండేది కూడా పేదింటి పిల్లే. ఫీజు కట్టే పిల్ల వీధిపిల్ల పక్కన కూర్చుని ఆమె చేత అక్షరాలు దిద్దించే ఏర్పాటు ఆ గదుల్లో లేదు. అది ఉండాలంటే నగరంలోని పెద్ద ప్రైవేటు బడులు, కాన్వెంట్లతో సహా, తమ అడ్మిషన్ల పద్ధతినే మార్చుకోవాలి.