టక్కుమని ఆగిపోయే ఫ్రిజ్

ఫ్రిజ్ వెనక, కింద నల్లటి గుండు ఉంటుంది. దాని పేరు కంప్రెసర్. అది కాసేపు తిరుగుతుంది. లోపల చల్లబడితే ఆగుతుంది. ఎప్పుడు ఆగాలో చెప్పేది థర్మోస్టాట్. లోపల అంకెలున్న బిళ్ల తిప్పుతాం కదా, అది దీనిదే.

ఒక్కోసారి కంప్రెసర్ టక్కుమని మొదలై, కొన్ని సెకన్లకే ఆగుతుంది. కొంచెంసేపటికి మళ్లీ టక్కు! పాలు విరిగిపోతాయి. మనమేమో అంకె పెంచుతాం. దానివల్ల లాభం లేదు.

ముందు ఫ్యాను చూడండి. నీరసంగా తిరుగుతోందా? అయితే వోల్టేజి తక్కువ. మన ఇళ్లకు 230 వోల్టులు రావాలి. ఎండాకాలం అందరూ కూలర్లు, మోటర్లు వేస్తే తగ్గిపోతుంది. అప్పుడు కంప్రెసర్ తిరగలేక వేడెక్కుతుంది. అది కాలిపోకుండా ఒక చిన్న మీట కరెంటును ఆపుతుంది. ఆ చప్పుడే మనకు వినబడేది. ఇలాంటి చోట స్టెబిలైజరు పెట్టుకోవాలి.

కరెంటు పోయి వెంటనే వచ్చినా ఇంతే. లోపలి గ్యాసు ఒత్తిడి తగ్గాలి. స్విచ్ ఆపి, 5 నిమిషాలు ఆగి వేయండి.

ఆదోనిలో పత్తి మిల్లుల పక్కన దూది నూగు ఎగురుతుంది. ఎమ్మిగనూరులో మగ్గాల ఇళ్లలో నూలు పీచు. అది ఫ్రిజ్ వెనక జాలికి పట్టుకుంటే వేడి బయటికి పోదు. ప్లగ్గు తీసి, మెత్తని బ్రష్‌తో దులపండి. గోడకు జానెడు దూరం జరపండి.

అయినా టక్కుమంటుంటే ప్లగ్గు తీసేయండి. మెకానిక్‌తో "అన్నా, ముందు రిలే చూడు" అనండి. రిలే చిన్న సామాను. కంప్రెసర్ మార్చాలంటే వేలల్లో ఖర్చు.

ఇంట్లో ఇన్సులిన్ ఉంటే ఆలస్యం చేయకుండా పక్కింటి ఫ్రిజ్‌లో పెట్టించండి. దానికి 2 నుండి 8 డిగ్రీల చల్లదనం కావాలి. ఐసు కట్టే అరలో మాత్రం పెట్టకూడదు.