మేస్త్రీ గడువు తప్పితే

పురానాపూల్ వంతెనను 1578లో మూసీ నది మీద కట్టారు. అది ఇప్పటికీ నిలిచి ఉంది. ఆ వంతెన దగ్గరి బస్తీలో ఒక తల్లి పాత రేకుల ఇల్లు విప్పించింది అనుకోండి. స్లాబు ఇల్లు కట్టించుకోవాలని ఆమె ఆశ. చిట్టీ ఎత్తింది. నగలు కుదువ పెట్టింది. ఆరు లక్షలకు మేస్త్రీకి గుత్తకు ఇచ్చింది.

"నాలుగు నెలల్ల ఇల్లు అప్పజెప్తా అక్కా" అన్నాడు మేస్త్రీ. ఏడు నెలలైంది. గోడలు లేచాయి, స్లాబు పడలేదు. ఉంటున్న ఇంటికి మూడు నెలల కిరాయి అదనంగా కట్టింది. ఫోను చేస్తే "రేపు పక్కా వస్తా" అంటాడు. ఆ రేపు రాదు.

ఆమె ఏం చేయాలి?

ముందు తన లెక్క తాను చూసుకోవాలి. సిమెంటు, ఇసుక తెచ్చివ్వడం ఎవరి వంతు? తన వంతే అయితే, అవి సమయానికి అందాయా? అందకపోతే ఆ ఆలస్యం మేస్త్రీది కాదు. స్లాబు పోశాక నీళ్ళు పట్టాలి. సెంట్రింగు వెంటనే విప్పకూడదు. చిన్న గదికి కనీసం వారం, పెద్ద గదికి రెండు వారాలు ఆగాలి. ఆ రోజుల్లో తొందర పెడితే ప్రాణాలకే ముప్పు.

ఇక డబ్బు సంగతి. పని కన్నా డబ్బు ముందు నడిస్తే మేస్త్రీ ఇంకో ఇంటి పని పట్టుకుంటాడు. అందుకే డబ్బును పనికి ముడివేయాలి. పునాది అయితే ఇంత, గోడలు అయితే ఇంత, స్లాబు అయితే ఇంత అని ముందే రాసుకోవాలి. కొంత సొమ్ము తాళంచెవి చేతికి వచ్చేదాకా ఆపుకోవాలి. ఆలస్యమైతే నెలకు ఎంత తగ్గిస్తారో కూడా రాయాలి. కిరాయి ఎంతో అంత అడగడం న్యాయమే. చదివి చూసుకున్నాకే సంతకం చేయాలి. నోటి మాట కూడా ఒప్పందమే, కాని రుజువు చేయడం కష్టం.

గడువు దాటిందా? వెంటనే ఉత్తరం రాయాలి. చాలామంది ఇక్కడే పొరపాటు చేస్తారు. మొహమాటంతో ఊరుకుంటారు. 1872 నాటి ఒప్పందాల చట్టం ఒక మాట చెబుతోంది. గడువు ముఖ్యమని అనుకున్న ఒప్పందంలో, ఆలస్యంగా చేసిన పనిని ఏమీ అనకుండా ఒప్పుకుంటే, తర్వాత ఆ ఆలస్యానికి నష్టపరిహారం అడగలేము. ఒప్పుకునేటప్పుడే "నష్టం అడుగుతాను" అని తెలపాలి.

ఉత్తరం పెద్దగా ఉండక్కర లేదు. ఇలా రాయవచ్చు:

"మేస్త్రీ గారికి, మీరు నాలుగు నెలల్లో ఇల్లు అప్పగిస్తామన్నారు. ఏడు నెలలైంది. నేను ఇప్పటికి ఇచ్చిన సొమ్ము నాలుగు లక్షలు. పదిహేను రోజుల్లో స్లాబు పని మొదలుపెట్టండి. లేకపోతే వేరే మేస్త్రీతో చేయిస్తాను. మూడు నెలల కిరాయి నష్టం మీ నుంచి అడుగుతాను."

తేదీ వేసి సంతకం చేయాలి. నకలు దగ్గర పెట్టుకోవాలి. స్పీడ్ పోస్టులో పంపి రశీదు దాచాలి.

అప్పటికీ రాకపోతే? వేరే మేస్త్రీ చేయి పెట్టకముందే ఫోటోలు తీయించాలి. గోడల కొలతలు రాయించాలి. లేకపోతే ఎవరు ఎంత కట్టారో తర్వాత తేలదు.

ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళవచ్చు. ఇల్లు కట్టడం కూడా సేవే, ఆలస్యం సేవాలోపమే అని 1993లో సుప్రీంకోర్టు చెప్పింది. లక్నోలో ఇళ్ళు కట్టే ప్రభుత్వ సంస్థ మీద వచ్చిన కేసు అది. ప్రభుత్వ సంస్థకే ఆ మాట వర్తించింది, మేస్త్రీకి వర్తించదా? ఇప్పుడు అమలులో ఉన్నది 2019 నాటి చట్టం. దాని ప్రకారం మనం ఉండే జిల్లాలోనే ఫిర్యాదు ఇవ్వవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. ఫిర్యాదుకు గడువు రెండేళ్ళు.

వకీలుకు డబ్బు లేదని వెనకాడక్కర లేదు. ఆడవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని 1987 నాటి చట్టంలో ఉంది. 15100 నంబరుకు ఫోను చేసి అడగవచ్చు. వెళ్ళేటప్పుడు ఒప్పందం కాగితం, డబ్బు రశీదులు, ఉత్తరం నకలు, పోస్టు రశీదు, ఫోటోలు ఒకే సంచిలో పెట్టుకుని వెళ్ళాలి.