“మనసు బాగలేదు సార్” అని చెప్పడానికి జంకకండి

గండికోట చుట్టుపక్కల పల్లెల నుంచి ఆసుపత్రికి వచ్చేవాళ్ళు “నాకు డిప్రెషన్” అని చెప్పరు. తలనొప్పి అంటారు. నడుము పట్టేసింది అంటారు. ఒళ్ళంతా మంటలు, గుండె దడ, అన్నం సయించడం లేదు, కాళ్ళూ చేతులూ గుంజుతున్నాయి అంటారు. రక్తపరీక్ష చేస్తే అన్నీ సరిగానే ఉంటాయి. ఈసీజీ కూడా బాగానే ఉంటుంది. అప్పటికే ఊళ్ళో ఆర్.ఎం.పి. దగ్గర రెండు గ్లూకోజ్ సీసాలు, నాలుగు బలం సూదులు అయిపోయి ఉంటాయి. చివరికి డాక్టరు “రాత్రిళ్ళు నిద్ర పడుతోందా అమ్మా?” అని అడిగితే, “యాడ నిద్ర సారూ, తెల్లార్లూ కండ్లు తెరుచుకొనే ఉంటా” అంటుంది ఆ తల్లి. అసలు సంగతి అక్కడ బయటపడుతుంది.

ఆ నొప్పులు నటన కాదు. మనసు కుంగినప్పుడు ఒళ్ళు నిజంగానే నొస్తుంది, నీరసం నిజంగానే వస్తుంది. కానీ నడుము నొప్పికి ఇచ్చే మాత్ర దాన్ని తగ్గించలేదు.

డాక్టర్లు దీన్ని డిప్రెషన్ అంటారు. పత్రికల్లో కుంగుబాటు అని రాస్తారు. సంఘంలో మనం కృంగుదల అంటాం. పల్లెలో దిగులు అంటారు, మనాది పట్టుకుంది అంటారు. పేరు ఏదైనా గుర్తులు ఒక్కటే. రెండు వారాలకు పైగా, దాదాపు ప్రతిరోజూ దిగులుగా ఉండటం, లేదా ఇంతకుముందు ఇష్టంగా చేసిన పని మీద ఆసక్తి పోవడం ముఖ్యమైనవి. వీటితోపాటు నిద్ర చెడటం, ఆకలి మారడం, ఒంట్లో శక్తి లేకపోవడం, ఏ పని మీదా మనసు నిలవకపోవడం, “నా వల్ల అందరికీ భారం” అనే ఆలోచన, చావు గురించిన తలపులు ఉండవచ్చు. మగవారిలో ఇది చాలాసార్లు కోపంగా, తాగుడుగా కనిపిస్తుంది. బాలింతలకూ వస్తుంది. బిడ్డను దగ్గరికి తీసుకోవడం లేదని కోడలిని తిట్టే ముందు ఒకసారి ఆలోచించండి అత్తమ్మలూ.

గండికోట పేరు చెబితే బయటివాళ్ళకు పెన్నా లోయ, కోట, మసీదు, మాధవరాయస్వామి గుడి గుర్తొస్తాయి. ఇక్కడివాళ్ళకు జలాశయం కూడా గుర్తొస్తుంది. 26.85 టీఎంసీల ఆ జలాశయం కింద ఎన్నో ఊళ్ళు ముంపులోకి వెళ్ళాయి. 2020లో నీటి నిల్వ పెంచినప్పుడు తాళ్ళప్రొద్దుటూరు జనం పుట్టిన ఇళ్ళు వదిలి కదలవలసి వచ్చింది. పరిహారం లెక్క వేరు. రచ్చబండ, సమాధుల తోట, ఇరుగుపొరుగు పోయిన లోటును ఎవరూ లెక్క కట్టరు. జలాశయం సంగతి అలా ఉంచితే, శనగ వేసి వాన కోసం ఎదురుచూసే రైతు ఉన్నాడు. మూడో బోరు కూడా ఎండిపోయినవాడు ఉన్నాడు. కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళిన కూతురి ఫోను కోసం కాచుకునే ముసలి తల్లి ఉంది. వీళ్ళ దిగులుకు కారణం ఉంది. కాదనేవాళ్ళు ఎవరూ లేరు.

చిక్కంతా ఇక్కడే వస్తుంది. “అప్పు ఉంది, అందుకే దిగులు. మాత్ర వేసుకుంటే అప్పు తీరుతుందా?” అని అడుగుతారు. తీరదు. అయితే చింతచెట్టు ఎక్కి పడి కాలు విరిగితే, ఎందుకు విరిగిందో తెలుసు కదా అని కట్టు కట్టించకుండా ఉంటామా? దిగులు ముదిరి జబ్బుగా మారినప్పుడు మనిషి బ్యాంకుకు పోయి మాట్లాడలేడు, చేనికి పోలేడు, నలుగురిలో కూర్చోలేడు. అందుకే అప్పు ఇంకా పెరుగుతుంది. వైద్యం అప్పు తీర్చదు గాని, అప్పును ఎదుర్కొనే మనిషిని తిరిగి లేపి నిలబెడుతుంది.

మన రాష్ట్రంలోనే జరిగిన ఒక పని గురించి చెప్పుకోవాలి. జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థ పశ్చిమ గోదావరి జిల్లాలోని మారుమూల పల్లెల్లో ఆశా కార్యకర్తలకు ట్యాబ్‌లు ఇచ్చి, ఇంటింటికీ వెళ్ళి మనసు సంగతి అడిగించింది. దాని ఫలితాలు 2017లో అచ్చయ్యాయి. 5,007 మందిని అడిగితే 238 మందిలో డిప్రెషన్, ఆందోళన వంటి గుర్తులు కనిపించాయి. ఆ 238 మందిలో అంతకుముందు దీనికోసం వైద్యసాయం పొందినవారు ఇద్దరు. అవును, ఇద్దరే! ఆశా అడిగి, ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదని ఊళ్ళో ప్రచారం చేసిన తర్వాత 30 మంది ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళారు. ఇద్దరు ముప్పై అయ్యారంటే సంతోషమే. మిగతా 208 మంది ఎందుకు గడప దాటలేదన్నది మనల్ని కలవరపెట్టాలి.

కారణాలు మనకు తెలియనివి కావు. మానసిక వైద్యం అనగానే “పిచ్చాసుపత్రి” అనుకుంటాం. సినిమాల్లో ఎర్రగడ్డ పేరు చెప్పి నవ్వించడం చూసి చూసి, ఆ మాటంటేనే భయం పట్టుకుంది. ఇంట్లో పెళ్ళి కావలసిన పిల్ల ఉంటే అసలు నోరు విప్పరు. మన సంఘాల్లో మరొక మాట ఉంది: విశ్వాసం తక్కువైతేనే కృంగుదల వస్తుందని. మరి ఏలీయా ప్రవక్త సంగతి ఏమిటి? అంతటి భక్తుడు అడవిలో ఒక చెట్టు కింద కూలబడి చావు కోరుకున్నాడు. దేవదూత వచ్చి ఆయన్ని గద్దించలేదు. పడుకోనిచ్చి, లేపి, రొట్టె, నీళ్ళు ఇచ్చాడు. ప్రార్థన చేయండి, తప్పక చేయండి. షుగరు ఉన్నవారు ప్రార్థన చేస్తూనే మాత్ర వేసుకోవడం లేదా?

ఆసుపత్రికి వస్తే ఏం జరుగుతుందో తెలియకపోవడం వల్ల కూడా భయం. ముందు డాక్టరు మాట్లాడతారు. రక్తహీనత, థైరాయిడ్ వంటివి కూడా ఇలాంటి నీరసమే తెస్తాయి కాబట్టి పరీక్షలు రాయవచ్చు. కొన్నిచోట్ల తొమ్మిది ప్రశ్నల కాగితం ఒకటి ఉంటుంది, దానికి మార్కులు వేస్తారు. జబ్బు కొద్దిగానే ఉంటే మాటల వైద్యం సరిపోవచ్చు. గోవాలో సంగత్ సంస్థ పెద్ద డిగ్రీలు లేని మామూలు మనుషులకు శిక్షణ ఇచ్చి, ఆరు నుంచి ఎనిమిది సార్లు కూర్చోబెట్టి మాట్లాడించి మంచి ఫలితం సాధించింది. మానేసిన చిన్న చిన్న పనులను మళ్ళీ ఒక్కొక్కటిగా మొదలుపెట్టించడం అందులో ముఖ్యమైన భాగం.

జబ్బు ఎక్కువగా ఉంటే మాత్రలు రాస్తారు. ఇవి నిద్రమాత్రలు కావు, అలవాటై బానిసలయ్యేవీ కావు. అయితే జ్వరం బిళ్ళలాగా ఆ పూటకే పనిచేయవు. గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. మొదటి వారంలో కాస్త వికారం, తలనొప్పి ఉండవచ్చు. చాలామంది సరిగ్గా అప్పుడే “పడలేదు” అని మానేస్తారు. ఇంకొందరు బాగుందనిపించగానే మానేస్తారు. బాగైన తర్వాత కూడా ఆరు నెలలు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ కాలం వాడాలి. ఆపేటప్పుడు డాక్టరు చెప్పినట్లు మెల్లగా తగ్గించాలి. నిద్ర కోసం మందుల షాపులో సొంతంగా కొనుక్కునే మాత్రలు వేరు. వాటితో జాగ్రత్త.

ఇంట్లో ఎవరైనా “నేను లేకపోతే మీకే మేలు” అంటే దాన్ని తేలికగా తీసుకోకండి. “చచ్చిపోవాలని అనిపిస్తోందా?” అని నెమ్మదిగా, సూటిగా అడగండి. అడిగితే ఆ ఆలోచన పుడుతుందన్నది అపోహ. అవునంటే ఒంటరిగా వదలకండి. పురుగుమందు డబ్బాలు ఇంట్లో ఉంచకుండా తాళం ఉన్న మరోచోటికి మార్చండి. అదే రోజు ఆసుపత్రికి తీసుకురండి. కేసు భయంతో దాచిపెట్టవద్దు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29న అమలులోకి వచ్చినప్పటి నుంచి, అలాంటి మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్లుగానే చూడాలి, శిక్షించకూడదు. ప్రాణాపాయం అనిపిస్తే 108కి ఫోన్ చేయండి. మాట్లాడే తోడు కావాలంటే టెలీ మానస్ నంబరు 14416. 2022 అక్టోబరులో మొదలైన ఈ ప్రభుత్వ సేవ ఉచితం, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడవచ్చు. ఫోను చేయడానికి ఊళ్ళో ఎవరి కంటా పడనవసరం లేదు కదా!

నేరుగా మానసిక డాక్టరు దగ్గరికే వెళ్ళాలని లేదు. ఊరి ఆశాతో, ఏఎన్‌ఎంతో మొదలుపెట్టండి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చెప్పండి. జమ్మలమడుగు వచ్చినప్పుడు మామూలు ఓపీలోనే చెప్పండి. అవసరమైతే కడప రిమ్స్‌లోని మానసిక వైద్య విభాగానికి పంపుతారు. నలుగురిలో చెప్పడం ఇబ్బందిగా ఉంటే “డాక్టరుగారితో ఒంటరిగా మాట్లాడాలి” అని నర్సమ్మతో అనండి. మాటలు దొరక్కపోతే చీటీ మీద రాసి ఇవ్వండి: “నిద్ర లేదు, దిగులుగా ఉంది, ఇన్ని రోజుల నుంచి.” అంతే చాలు. ఇంట్లోవాళ్ళు ఒకరు తోడు రండి, కానీ రోగి బదులు మీరు మాట్లాడకండి. రెండోసారి వచ్చేటప్పుడు పాత చీటీ, మిగిలిన మాత్రల షీటు మరచిపోకుండా తెచ్చుకోండి.