ఒకే ఒరలో పది కత్తులు!

ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని సామెత. కంప్యూటర్ల విషయంలో ఇది అక్షరాలా నిజమనిపిస్తుంది. విండోస్ కానివ్వండి, లైనక్స్ కానివ్వండి, కంప్యూటరును నడిపే ఆపరేటింగ్ సిస్టమ్ ఏదైనా సరే, పెట్టె మొత్తానికీ తానే యజమానిననుకుంటుంది. మెమరీ అంతా దానిదే, డిస్కు దానిదే, ప్రాసెసరు దానిదే. అలాంటి యజమానులు ఇద్దరు ఒకే పెట్టెలో చేరితే ఏమవుతుంది? పోట్లాటే!

కాని పెద్ద కంప్యూటరు కేంద్రాల్లోకి తొంగిచూడండి. ఒక్కో పెట్టెలో పదీ ఇరవై ఆపరేటింగ్ సిస్టమ్‌లు పక్కపక్కనే కాపురం చేస్తుంటాయి. ఒకదాని ఊసు మరొకదానికి తెలియదు. ప్రతిదీ "ఇల్లంతా నాదే" అనుకుంటూ తన పని తాను చేసుకుపోతుంటుంది. ఇదెలా సాధ్యం?

అద్దంలో బొమ్మ, పెట్టెలో యంత్రం

కాంతి పాఠంలో మిథ్యా ప్రతిబింబం గురించి చదువుకున్నారు కదా? అద్దం వెనక బొమ్మ ఉన్నట్టే కనిపిస్తుంది. వెనక్కి వెళ్ళి చేయి పెట్టి చూస్తే ఏమీ ఉండదు. సరిగ్గా అలాగే, పెట్టె విప్పి చూస్తే విడిగా ఎక్కడా కనిపించని కంప్యూటరును మిథ్యాయంత్రం అనవచ్చు. ఇంగ్లీషులో వర్చువల్ మెషిన్ అంటారు. దానికీ మెమరీ ఉంటుంది, డిస్కు ఉంటుంది, నెట్‌వర్క్ కార్డు ఉంటుంది. అన్నీ అసలు పెట్టెలోని భాగాల నుంచి పంచి ఇచ్చినవే.

ఒక్క తేడా మాత్రం ఉంది. అద్దంలోని మామిడిపండును మీరు తినలేరు. మిథ్యాయంత్రం చేసిన లెక్క మాత్రం నిజమైన లెక్కే!

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. అమెరికాలోని కేంబ్రిడ్జిలో ఐ.బి.ఎం. శాస్త్రవేత్తలు సి.పి.-40 అనే ప్రోగ్రామును తయారుచేశారు. 1967 జనవరి నాటికే అది ఒక్క కంప్యూటరును పద్నాలుగు మిథ్యాయంత్రాలుగా చూపిస్తూ పనిలోకి దిగింది. ఆ రోజుల్లో కంప్యూటరంటే గదినిండా యంత్రం. మనిషికొకటి కొనడం అయ్యే పనా? అందుకే ఒకదాన్నే పంచుకున్నారు. ఆ దారిలోనే 1972లో ఐ.బి.ఎం. వి.ఎం./370ని ప్రకటించింది.

పెద్దమనిషి కిటుకు

మరి యజమానులు పోట్లాడుకోకుండా ఎవరు చూస్తారు? వాళ్ళందరి పైనా ఒక పెద్దమనిషి ఉంటాడు. పేరు హైపర్‌వైజర్. ఒకప్పుడు ఆపరేటింగ్ సిస్టమ్‌ను సూపర్‌వైజర్ అనేవారు. సూపర్‌వైజర్ మీద అజమాయిషీ చేసేది కనుక ఇది హైపర్‌వైజర్ అయింది.

దాని కిటుకు ఇదీ. ప్రాసెసరుకు రెండు స్థితులుంటాయి: అధికార స్థితి, సామాన్య స్థితి. కొన్ని ఆదేశాలు అధికార స్థితిలోనే చెల్లుతాయి. హైపర్‌వైజర్ అధికార స్థితిని తన దగ్గరే ఉంచుకుని, అతిథులను, అంటే లోపలి ఆపరేటింగ్ సిస్టమ్‌లను, సామాన్య స్థితిలో కూర్చోబెడుతుంది. ఒక అతిథి దర్జాగా "ప్రాసెసరూ, ఆగు!" అని ఆజ్ఞాపించిందనుకోండి. ప్రాసెసరు ఆ ఆజ్ఞను పాటించదు. సంగతి హైపర్‌వైజర్‌కు చేరవేస్తుంది. హైపర్‌వైజర్ ఆ ఒక్క అతిథినే ఆపి, ప్రాసెసరును ఇంకో అతిథికి అప్పగిస్తుంది. తన మాట చెల్లిందని మొదటి అతిథికి తృప్తి. ఇల్లు కూలలేదని మిగతావాళ్ళకు తృప్తి!

ఇది పారాలంటే యంత్రాన్ని శాసించే ప్రతి ఆదేశమూ హైపర్‌వైజర్ చెవిన పడాలి. 1974లో పోపెక్, గోల్డ్‌బర్గ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఈ నియమాన్ని గణిత పద్ధతిలో స్పష్టంగా చెప్పారు. కాని ఇంటింటికీ చేరిన పెంటియం ప్రాసెసరులో ఈ నియమానికి లొంగని ఆదేశాలు పదిహేడు ఉన్నాయని 2000లో ఇద్దరు పరిశోధకులు లెక్క తేల్చారు. వాటిలో కొన్ని సామాన్య స్థితిలో ఫిర్యాదు చేయవు, పనీ చేయవు. నోరు మెదపకుండా ఊరుకుంటాయి. అలాంటి ఆదేశాలను ముందే కనిపెట్టి, వేరే ఆదేశాలుగా మార్చి రాసే ఉపాయంతో వి.ఎం.వేర్ సంస్థ 1999లోనే ఒక ప్రోగ్రామును అమ్మకానికి తెచ్చింది. తరువాత ప్రాసెసర్లే మారాయి. ఇంటెల్ 2005లో, ఎ.ఎం.డి. 2006లో మిథ్యాయంత్రాలకు తోడ్పడే ఏర్పాటును ప్రాసెసరులోనే పెట్టాయి. దాన్ని వాడుకునే కె.వి.ఎం. 2007లో లైనక్స్‌లో భాగమైంది.

బండి తోలని డ్రైవర్

ఇప్పుడు కొత్త చిక్కు వచ్చింది. జెన్ అని ఒక హైపర్‌వైజర్, కె.వి.ఎం. అని ఒకటి, వి.ఎం.వేర్‌ది ఇంకొకటి. ఎవరి భాష వాళ్ళది. "కొత్త యంత్రం తయారుచెయ్యి" అన్న ఒక్క మాట ఒక్కొక్కరికి ఒక్కో విధంగా చెప్పాలి.

పూర్వం మన రేవు పట్టణాలకు వచ్చిన విదేశీ వర్తకులు ఏం చేశారు? దుబాసీని పెట్టుకున్నారు. రెండు భాషలు తెలిసిన మనిషి. ఇక్కడ కూడా అదే ఉపాయం! 2005లో మొదలైన లిబ్‌వర్ట్ అనే ప్రోగ్రాము మనతో ఒకే భాషలో మాట్లాడుతుంది. దానిలో ఒక్కో రకం హైపర్‌వైజర్‌కు ఒక్కో దుబాసీ ఉంటుంది. ఆ దుబాసీ పేరే డ్రైవర్. మన మాటను తన హైపర్‌వైజర్ భాషలోకి మార్చడం, దాని జవాబును మళ్ళీ మనకు చెప్పడం దాని ఉద్యోగం.

కాగితం మీద కంప్యూటరు

మరి యంత్రాన్ని తయారుచేయడం ఎలా? స్క్రూడ్రైవరు అక్కర్లేదు. ఒక పత్రం రాస్తే చాలు. పేరు: గణితం. మెమరీ: 4 గిబిబైట్లు. ప్రాసెసర్లు: 2. డిస్కు: ఫలానా ఫైలు. నెట్‌వర్క్: ఫలానాది. ఈ వివరాలను ఎక్స్.ఎం.ఎల్. అనే పద్ధతిలో రాసి లిబ్‌వర్ట్‌కు ఇస్తే, డ్రైవర్ దాన్ని చదివి యంత్రాన్ని నిలబెడుతుంది. ఆ యంత్రం డిస్కు కూడా అసలు పెట్టెలో ఒక మామూలు ఫైలే. 20 గిబిబైట్ల డిస్కు అని చెప్పినా, లోపల రాసినకొద్దీ పెరిగే రకం ఫైలును ఎంచుకుంటే మొదట్లో చాలా కొద్ది చోటే తీసుకుంటుంది.

యూనిట్లు రాయకపోతే భౌతికశాస్త్రం మాస్టారు మార్కులు తగ్గిస్తారా? ఆయన మాట ఇక్కడా గుర్తుంచుకోండి! మెమరీ దగ్గర 4 అని రాసి యూనిట్ మరిచిపోతే, లిబ్‌వర్ట్ దాన్ని 4 కిబిబైట్లుగా తీసుకుంటుంది. 4 గిబిబైట్లు కావాలంటే కిబిబైట్లలో 41,94,304 అని రాయాలి. పది లక్షల రెట్లు దాటిన తేడా అన్నమాట!

యంత్రాన్ని నడిపించడానికి కొన్ని ఆజ్ఞలున్నాయి. "డిఫైన్" అంటే పత్రాన్ని దాఖలు చేయడం. "స్టార్ట్" అంటే మీట నొక్కడం. "సస్పెండ్" అంటే ఉన్నచోట స్తంభింపజేయడం. "షట్‌డౌన్" అంటే "దయచేసి పని ముగించు" అని కబురంపడం. అతిథి వినకపోవచ్చు కూడా! "డెస్ట్రాయ్" అనే మాట వింటే గుండె గుభేలుమంటుంది. కాని అది యంత్రాన్ని నాశనం చేయదు, కరెంటు తీగ లాగినట్టు ఆపుతుందంతే. పత్రమూ డిస్కూ అలాగే ఉంటాయి. అయినా సగం రాసిన లెక్కలు పాడయ్యే ప్రమాదం ఉంది కనుక దాన్ని చివరి అస్త్రంగానే వాడాలి.

పరకాయ ప్రవేశం

కథల్లో మాంత్రికుడు ఒక దేహం వదిలి మరో దేహంలో దూరతాడు. మిథ్యాయంత్రానికి ఈ విద్య నిజంగానే వచ్చు! అసలు పెట్టెను మరమ్మతు చేయాలనుకోండి. నడుస్తున్న అతిథి మెమరీని వేరే పెట్టెలోకి నకలు తీయడం మొదలుపెడతారు. ఈలోగా అతిథి పనిచేస్తూనే ఉంటుంది కనుక కొన్ని పుటలు మారిపోతాయి. మారినవాటికే మళ్ళీ నకలు తీస్తారు. చివరికి కొన్నే మిగిలినప్పుడు అతిథిని క్షణకాలం ఆపి, అవీ పంపి, కొత్త పెట్టెలో లేపుతారు. 2005లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జి, డెన్మార్కులోని కోపెన్‌హాగెన్ పరిశోధకులు ఈ విరామాన్ని 60 మిల్లీసెకన్ల దాకా తగ్గించి చూపించారు. అంటే రెప్పపాటు కన్నా తక్కువ!

గోడకు చిల్లు

ఇంతవరకూ బాగానే ఉంది. మరి ఒకే పెట్టెలో ఒక పక్క బ్యాంకు లెక్కలు, ఇంకో పక్క ఎవరో అపరిచితుడి యంత్రం ఉంటే? వాటి మధ్య ఇటుక గోడ లేదు. ఉన్నదల్లా ప్రోగ్రాము. ప్రోగ్రాములో తప్పుంటే గోడకు చిల్లు పడ్డట్టే.

2015 మే నెలలో అలాంటి చిల్లు ఒకటి బయటపడింది. దానికి వెనమ్ అని పేరు పెట్టారు. విషం అని అర్థం. అది ఎక్కడుందో తెలుసా? ఎవరూ వాడని ఫ్లాపీ డిస్కు పరికరాన్ని అనుకరించే భాగంలో! క్యూఎము అనే ప్రోగ్రాములోని ఈ తప్పు 2004 నుంచీ అలాగే ఉండిపోయింది. జెన్, కె.వి.ఎం. కూడా ఆ భాగాన్నే వాడుకుంటున్నాయి. అతిథి యంత్రంలో పూర్తి అధికారం ఉన్నవాడు దీని ద్వారా గోడ దూకి అసలు పెట్టెలోకి చొరబడే వీలుంది. "నా యంత్రానికి ఫ్లాపీ వద్దు" అని పత్రంలో రాసినా ఆ భాగం లోపల మేలుకునే ఉండేది! తప్పును వెంటనే సరిదిద్దారు.

అందుకే ఒక్క గోడను నమ్ముకోరు. లైనక్స్‌లో తగిన రక్షణ ఏర్పాటు ఉన్నచోట, లిబ్‌వర్ట్ డ్రైవర్ ప్రతి అతిథికీ ఒక చీటీ అంటిస్తుంది. అదే చీటీని ఆ అతిథి డిస్కు ఫైలుకూ అంటిస్తుంది. చీటీలు కలవకపోతే ఫైలు తెరుచుకోదు. గోడ దూకినవాడికి ఎదురుగా మరో తాళం అన్నమాట.

ఇప్పుడు కాగితం, పెన్సిలు తీసుకోండి. మీ దగ్గర 32 గిబిబైట్ల మెమరీ ఉన్న పెట్టె ఉంది. 4 దాని సొంతానికి ఉంచేశారు. ఒక్కో అతిథికి 6 చొప్పున ఇస్తే ఎంతమందికి చోటుంటుంది? ఇది తేలిక. రెండో ప్రశ్న చూడండి. ఆరేసి అడిగినా, మామూలు రోజుల్లో ఒక్కొక్కరూ మూడుకు మించి వాడరు. అయితే తొమ్మిదిమందిని ఉంచవచ్చా? అందరూ ఒకే రోజున తమ వాటా మొత్తం అడిగితే? విందుకు ఎంతమందిని పిలవాలి, ఎన్ని ఆకులు వేయాలి అని పెళ్ళివారు పడే తర్జనభర్జనే ఇది! మీరైతే ఎంతమందిని ఉంచుతారు? ఎందుకు?