చేపల పొడి బజారుకు పెరూ సముద్ర సర్వేయే సూచిక

రేవుకు సరుకు పోటెత్తినా కడలిలో నిల్వ ఉన్నదనుకోరాదు

ప్రపంచ బజారులో చేపల పొడి ధర చాలావరకు పెరూ తీరంలోనే నిర్ణయమవుతున్నది. ఈ సరుకు ఉత్పత్తిలోను, ఎగుమతిలోను ఆ దేశానిదే అగ్రస్థానం. కొనుగోలుదారులలో చైనా మొదటిది. అక్కడ పట్టే ఆంకోవెటా, మన కోస్తాలో నెత్తళ్లు అనే చేపల కుటుంబానికి చెందినది. నాలుగు టన్నులకు పైగా చేపను ఉడికించి, పిండి, ఎండబెడితే టన్ను పొడి దిగుతుంది.

సర్వే జరిగే తీరు

1964లో ఏర్పడిన పెరూ సముద్ర పరిశోధన సంస్థ ఇమార్పె, సీజనుకు ముందు ఓడలను తీరం పొడవునా నడుపుతుంది. నీటిలోకి ధ్వని తరంగాలను పంపి, తిరిగి వచ్చే ప్రతిధ్వనిని బట్టి చేపల గుంపుల పరిమాణాన్ని లెక్కగడతారు. వలవేసి తీసిన నమూనాలలో పొడవు, గుడ్ల దశ పరీక్షిస్తారు. 12 సెంటీమీటర్ల లోపు చేపను పిల్లచేపగా పరిగణిస్తారు. గుడ్లు పెట్టే చేపను తగినంత మిగిల్చి, తక్కినదానిలోనే కోటా నిర్ణయిస్తారు. కోటాను పడవల వారీగా పంచే పద్ధతి 2009లో అమలులోకి వచ్చినది.

1972 గుణపాఠం

1970లో పెరూలో పట్టిన ఆంకోవెటా కోటీ ఇరవై లక్షల టన్నులు దాటినది. ఏటా సుమారు 95 లక్షల టన్నులకు మించరాదని నిపుణులు అదే సంవత్సరం సలహా ఇచ్చారు. 1972లో ఎల్ నినో వచ్చి తీరజలాలు వేడెక్కాయి. అడుగునుండి పోషకాలను తెచ్చే చల్లని నీరు పైకి రాక చేపకు మేత కరువైనది. మిగిలిన చేప తీరం వెంబడి ఇరుకు పట్టీలో గుమిగూడినది. ఆ కారణంగా ఏడాది మొదట్లో పడవలు నిండుగా వచ్చాయి. రాబడి చూసి నిల్వ పుష్కలమని నమ్మినవారు దెబ్బతిన్నారు. 1973లో పట్టినది 20 లక్షల టన్నుల లోపే. అదే ఏడాది ప్రభుత్వం పరిశ్రమను జాతీయం చేసినది. చేపల పొడి దొరకని మేత వ్యాపారులు సోయా చెక్క మీద పడ్డారు. సోయా ధరలు మండిపోగా, 1973 జూన్‌లో అమెరికా సోయా ఎగుమతులపై ఆంక్షలు విధించినది.

2023లో మూతపడిన సీజను

2023లో మళ్లీ నీరు వేడెక్కగా, వలల్లో పిల్లచేపలే అధికంగా పడ్డాయి. ఉత్తర-మధ్య తీరంలో మొదటి సీజను జూన్‌లో రద్దయినది. పొడి ధరలు పైకి ఎగబాకాయి. రెండవ సీజనుకు 16.8 లక్షల టన్నుల కోటా మాత్రమే ఇచ్చారు. అయితే పిల్లచేప బతికి బట్టకట్టినందున 2024 మొదటి సీజను కోటా 24.75 లక్షల టన్నులకు పెరిగినది. ఒక సీజను నష్టం మరుసటి ఏడాది సరుకై తిరిగి వచ్చినదన్నమాట.

మన వర్తకులకు

ఆంధ్ర రొయ్యల చెరువులకు వెళ్లే మేతలో చేపల పొడి, సోయా చెక్క రెండూ ముఖ్యమైన దినుసులే. దేశవాళీ పొడి వాడే మిల్లులను కూడా ప్రపంచ ధర తాకక మానదు, ఎగుమతి గిరాకీ పెరిగితే ఇక్కడి సరుకూ ప్రియమవుతుంది. కావున రేవు రాబడి ఒక్కటే చూసి బేరం కుదుర్చుకొనరాదు. సర్వే తేల్చిన నిల్వ, పిల్లచేపల శాతం, నీటి వేడిమి, కోటాలో పట్టిన భాగం, ఈ నాలుగూ కలిపి చూచుకొనుట మేలు.