కారే ట్యాంకుకు సబ్బు పెట్టండి, నిప్పు పెట్టకండి

సార్వా దమ్ముల రోజులు. కాలవకు నీళ్ళొచ్చి వారమైంది. మండవల్లి దిగువన, కొల్లేటి వైపు పల్లంలో ఒక ట్రాక్టరు చేను మధ్యలో ఆగిపోయింది. ఇంజనుకు జబ్బేమీ లేదు. డీజిలు ట్యాంకు అడుగు అతుకు దగ్గర కారుతోంది. నీళ్ళమీద రంగురంగుల పొర తేలుతోంది. ఊడ్పులకొచ్చిన ఆడకూలీలు గట్టు మీద కూర్చుని ఎదురు చూస్తున్నారు.

“కైకలూరు నుంచి వెల్డింగు మనిషిని పిలిపిస్తా. ఇక్కడే మాటేయించి మధ్యాహ్నానికి మళ్ళీ దింపుదాం. పోయిన డీజిలు మాత్రం నీ లెక్కే” అన్నాడు ట్రాక్టరు ఆసామి డ్రైవరుతో.

డ్రైవరు కుర్రాడు మావైపు తిరిగాడు. “డీజిలంతా ఖాళీ చేసేస్తే ఇంకేం అంటుకుంటదండీ?” అని అడిగాడు.

ఆ ప్రశ్న ఒక్కడిది కాదు. ప్రతి ఊళ్ళోనూ ట్రాక్టర్లు నడిపేవాళ్ళు, చేపల చెరువుల గట్లమీద ఆయిలింజన్లు తిప్పేవాళ్ళు అడిగేదే. అందుకే ఈ నాలుగు మాటలు.

నిండు ట్యాంకు కంటె ఖాళీ ట్యాంకే ఎక్కువ ప్రమాదం. మంట పుట్టాలంటే ఆవిరి, గాలి, నిప్పు - మూడూ కలవాలి. ఖాళీ చేసిన ట్యాంకులో గాలి నిండుతుంది. అతుకుల్లో, తుప్పు పొరల్లో డీజిలు అంటుకునే ఉంటుంది. వెల్డింగు వేడికి అది ఆవిరై గాలితో కలుస్తుంది. వెంటనే అంటుకుంటుంది. మూసిన రేకు డబ్బా బాంబులా పేలుతుంది. పెట్రోలుకైతే గడ్డకట్టే చలిలో కూడా అంటుకునే ఆవిరి లేస్తుంది. డీజిలు అంత త్వరగా ఆవిరి కాదు గనక “డీజిలు అంటుకోదులే” అనే మాట ఊళ్ళలో పుట్టింది. వెల్డింగు నిప్పు ముందు ఆ మాట చెల్లదు.

మరి చేలో ఆగిన బండికి ఏం చెయ్యాలి? ముందు ఇంజను ఆపి చల్లారనివ్వాలి. బ్యాటరీ తీగ ఊడదీయాలి. బీడీలు గట్టు అవతలే ఆర్పెయ్యాలి. కారుతున్న చోట డబ్బా పెట్టాలి. అక్కడ పడిన డీజిలు మురుగు కాలవల వెంట కొల్లేటికే పోతుందని మరవకూడదు. తరువాత పొడిగుడ్డతో తుడిచి, కారేది ట్యాంకేనా, గొట్టమా, కుళాయి దగ్గర వాషరా అని చూడాలి. చాలాసార్లు బిగిస్తే సరిపోతుంది.

సన్నగా చెమర్చే పగులైతే, బట్టల సబ్బు పొడిగా తీసుకుని పగులు మీద గట్టిగా రుద్ది లోపలికి అదమాలి. సబ్బు నీళ్ళలో కరుగుతుందిగాని డీజిల్లో కరగదు. దీని కిటుకంతా అదే. మన దమ్ము చేలో చిక్కు కూడా అదే. చక్రాలు చిమ్మే బురదనీళ్ళకు సబ్బు కొట్టుకుపోతుంది. కాబట్టి అది బండిని గట్టుకు చేర్చడానికే గాని దమ్ము పూర్తి చెయ్యడానికి కాదు. చిల్లు ట్యాంకు పైభాగాన ఉంటే డీజిలు దాని కిందికి దించుకుని ఆ పూట నడుపుకోవచ్చు.

నాలుగు రోజులు ఆగాలంటే ఎం-సీల్ ముద్ద మంచిది. డీజిలు చిల్లు కిందికి దించి, చెమ్మ లేకుండా తుడిచి, చేత్తోనే గరుకు కాగితం రుద్దాలి. రెండు ముద్దలూ సమంగా తీసుకుని ఒకే రంగు వచ్చేదాకా పిసికి, చిల్లు చుట్టూ అంగుళం మేర అదిమి రాత్రంతా ఆరనివ్వాలి. తడి ఉంటే పట్టదు. ప్లాస్టిక్ ట్యాంకులకు ఇది సరిగా అంటుకోదు, వాటిని మార్చుకోవలసిందే. సైకిలు ట్యూబు ముక్క పెట్టకండి, డీజిలుకు ఉబ్బి మెత్తబడుతుంది. మేకులు కొట్టకండి, తుప్పు రేకు ఇంకా చీలుతుంది.

ఇంకొక మాట. గొట్టం పెట్టి డీజిలు నోటితో పీల్చడం చాలామందికి అలవాటు. పొరపోయి ఊపిరితిత్తుల్లోకి దిగితే మనిషి ప్రాణానికే ముప్పు. కింది గొట్టం విప్పి డబ్బాలోకి వదలండి.

అసలు మాటు వెయ్యాలంటే ట్యాంకు బండి నుంచి దించాలి. ఆ పని తెలిసిన షెడ్డులో వేడినీళ్ళతో, ఆవిరితో లోపలంతా కడిగాకే వెయ్యాలి. చేలో మాత్రం వద్దు.

ఆ రోజు మేము ఈ మాటే చెప్పాము. ఆసామి గొణిగాడుగాని వెల్డింగు మనిషికి కబురు పంపలేదు. సబ్బుతో బండి గట్టెక్కింది. ట్యాంకు కైకలూరు వెళ్ళింది. ఊడ్పు మరునాటికి పడింది. వచ్చి కూర్చున్న ఆడవాళ్ళకు సగం కూలి ఇప్పించడానికి మాత్రం పొద్దుగూకేదాకా మాట్లాడవలసి వచ్చింది. డీజిలు ఖర్చు డ్రైవరు జీతంలో కొయ్యకుండా ఒప్పించాము. ట్యాంకు అడుగున నీళ్ళు చేరి లోపల్నుంచి తుప్పు తిన్నది. నీళ్ళు డీజిలు కంటె బరువు గనక అడుగుకు దిగుతాయి. వాటిని అప్పుడప్పుడు వదిలించడానికి, పాత ట్యాంకు మార్చడానికి డబ్బు పెట్టవలసింది యజమాని. ఆ నేరం జీతగాడిది ఎలా అవుతుంది?

ట్రాక్టరుతో సేద్యం చేసే కూలీని 1923 నాటి నష్టపరిహార చట్టమే తన పట్టికలో చేర్చింది. 2020 నాటి సామాజిక భద్రతా కోడులోనూ ఆ హక్కు ఉంది. పనిలో ప్రమాదం జరిగితే యజమాని పరిహారం ఇవ్వాలి. కాని చట్టం ఇప్పించేది డబ్బే, మనిషిని కాదు.

ఒక పూట దమ్ము ఆగితే రేపు చేసుకోవచ్చు. “ఇక్కడే వెల్డింగు పెట్టు” అన్నప్పుడు డ్రైవరు ఒక్కడే కాదనలేడు. గట్టు మీదున్న వాళ్ళంతా కలిసి కాదనాలి.